హుడ్ అంటే ఏ మూత?

పాత బ్రిటిష్ కారు ఒకదాని మాన్యువల్ చదువుతూ, కారు కడిగే ముందు హుడ్ వేసి క్లిప్పులు బిగించాలన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. ఇంజన్ మూతకు క్లిప్పులు ఎక్కడున్నాయా అని బొమ్మలన్నీ తిరగేసిన తరువాత గాని అసలు సంగతి బోధపడలేదు. ఇంజన్ మీది మూతను హుడ్ అనేది అమెరికన్లు. బ్రిటిష్ వారికి అది బానెట్, వారు హుడ్ అనేది ఓపెన్ కారుకు వేసే, మడిచి వెనక్కి దించగలిగే గుడ్డ టాపును. బానెట్, హుడ్ రెండూ తలకు పెట్టుకునేవాటి పేర్లే కావడం ఇందులో తమాషా.

ఒకే భాగానికి రెండు పేర్లుంటే పెద్ద చిక్కు లేదు. సైలెన్సర్‌ను మఫ్లర్ అన్నా, విండ్‌స్క్రీన్‌ను విండ్‌షీల్డ్ అన్నా, చక్రం మీది రేకును బ్రిటన్‌లో వింగ్ అనీ అమెరికాలో ఫెండర్ అనీ పిలిచినా, ఒకసారి తెలుసుకుంటే సరిపోతుంది. ఒకే పేరు రెండు భాగాలకు ఉన్నప్పుడే తంటా. డ్రైవ్ షాఫ్ట్ అంటే అమెరికన్ మెకానిక్‌కు సాధారణంగా గేర్‌బాక్స్ నుంచి వెనుక యాక్సిల్ దాకా కారు కింద నిలువునా సాగే పొడవాటి గొట్టం గుర్తుకు వస్తుంది. బ్రిటిష్ మెకానిక్ దానిని ప్రొపెల్లర్ షాఫ్ట్ అని, డిఫరెన్షియల్ (ఇంజన్ శక్తిని రెండు పక్కల చక్రాలకు పంచే గేర్ల పెట్టె) నుంచి చక్రాలకు వెళ్లే చిన్న షాఫ్టులనే డ్రైవ్ షాఫ్టులంటాడు. అందుకే విడిభాగం తెప్పించుకునేటప్పుడు పేరుకన్నా పార్ట్ నంబరునే నేను నమ్ముతాను.

సామాను పెట్టుకునే చోటుకు వచ్చిన పేర్లు పాత ప్రయాణాలను గుర్తుచేస్తాయి. గుర్రపు బండిలో సామాను పెట్టుకునే అరను బూట్ అనేవారు. బ్రిటన్‌లో ఆ పేరే కారుకూ వచ్చింది. తొలినాటి కార్ల వెనుక పట్టీలతో కట్టిన ట్రంకుపెట్టె నుంచి అమెరికన్ల ట్రంక్ వచ్చింది. మనం డిక్కీ అంటున్నామే, బ్రిటన్‌లో డిక్కీ అంటే పాత కార్ల వెనుక భాగంలో తెరుచుకునే అదనపు సీటు, అమెరికన్ల రంబుల్ సీటు.

కొలతల్లోనూ ఇదే తంతు. ట్యాంకు 10 గ్యాలన్లని ఉంటే, బ్రిటిష్ లెక్కన 45.5 లీటర్లు, అమెరికన్ లెక్కన 37.9 లీటర్లు. నా మాన్యువల్‌లో ఏ గ్యాలనో రాయలేదు గాని, హుడ్ అనే మాటను బట్టి 45.5 అనే లెక్క వేసుకున్నాను.