మోడెమ్ కంపెనీదే ఉంచి రౌటర్ మాత్రం మనది పెట్టుకున్నాం (నా అనుభవం)

ఇంట్లో వైఫై సరిగ్గా రావట్లేదని కొత్త రౌటర్ కొనే ఆలోచనలో ఉంటే ముందు ఆ షాపింగ్ యాప్ మూసేయండి, డబ్బులు ఎక్కడికీ పోవు. మాది హైదరాబాద్‌లో మల్కాజిగిరి వైపు, కింద అత్తయ్య మామయ్య, పైన మేము, మధ్యలో మెట్లు, 200 ఎంబీపీఎస్ ఫైబర్ ప్లాన్. నాది వర్క్ ఫ్రమ్ హోమ్, మీటింగ్ మధ్యలో వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపేది) తెగిపోతుంది, బాబు ట్యూషన్ క్లాసులో టీచర్ బొమ్మ నోరు తెరిచి ఆగిపోతుంది, మామయ్యకి పొద్దున ప్రవచనాలు సాయంత్రం న్యూస్ డిబేట్లు అన్నీ యూట్యూబ్‌లోనే. నెట్ ఆగిందంటే కింద నుంచి ముందు వినబడేది నా పేరే. కంప్యూటర్ జాబ్ చేసే కోడలికి వైఫై బాగు చేయడం రాకుండా ఎలా ఉంటుందని ఆయన లెక్క.

మా మరిది అయితే ఫోన్‌లో ఆరు యాంటెన్నాల గేమింగ్ రౌటర్ ఒకటి చూపించి "ఇది తీసేస్కుందాం వదినా, గోడలు చీల్చుకుని వస్తది సిగ్నల్" అన్నాడు. ఆగు బాబూ, అసలు రోగం ఏంటో తెలియకుండా మందు కొంటామా అని ఆపాను.

ఫైబర్‌లో రెండు పనులు వేరు వేరుగా జరుగుతాయి. బయట నుంచి సన్నటి గాజు తీగలో వచ్చే వెలుతురుని నెట్‌గా మార్చేది ఒక పని, దాన్ని ఓఎన్‌టీ అంటారు, మనం మోడెమ్ అనేస్తాం. ఆ నెట్‌ని ఇంట్లో ఫోన్లకి టీవీలకి పంచేది రెండో పని, అది రౌటర్. కంపెనీవాళ్ళు ఇచ్చే డబ్బాలో రెండూ కలిపే ఉంటాయి కాబట్టి ఏది చెడిందో తెలియదు. తేల్చుకోవడం సులువే, లాప్‌టాప్‌ని లాన్ కేబుల్‌తో నేరుగా ఆ డబ్బాకి పెట్టి స్పీడ్ చూడండి. కేబుల్ మీద ఫుల్‌గా వచ్చి వైఫైలో రాకపోతే గొడవ ఇంట్లోనే, కేబుల్ మీద కూడా రాకపోతే లైన్ చూడాలి. మాకేమో రెండూ ఉన్నాయి, అదృష్టం. వీపీఎన్ తెగినప్పుడల్లా వెళ్ళి చూస్తే డబ్బా మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా మిణుకుమంటోంది. పీఓఎన్ లైటు పచ్చగా కదలకుండా ఉండాలి, ఎల్‌ఓఎస్ వెలగనే కూడదు, వెలిగిందంటే వెలుతురు సరిగ్గా చేరట్లేదని. దానికి ఏ రౌటరూ ఏమీ చేయలేదు.

కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "రీస్టార్ట్ చేశారా మేడమ్" దగ్గర నుంచి మొదలుపెట్టారు, అది దాటించుకుని లైన్ చూసే అబ్బాయిని రప్పించుకునేసరికి నీరసం వచ్చింది, అది వదిలేయండి. ఆ అబ్బాయి మాత్రం పనిమంతుడు. జేబులోంచి చిన్న మీటర్ తీసి తీగ ఊడదీసి పెట్టాడు, మైనస్ 28 డీబీఎం చూపించింది. ఈ మైనస్ నెంబర్ ఎంత పెరిగితే వెలుతురు అంత తక్కువని అర్థం, మైనస్ ఇరవై చుట్టుపక్కల ఉంటే హాయి, మైనస్ 27, 28 అంటే డబ్బా పట్టుకోగలిగే ఆఖరి అంచు. తీగ వెంబడి వేలు పెట్టుకుంటూ పోయి టీవీ యూనిట్ వెనక ఆగాడు. చిక్కుడు తీగంత సన్నంగా ఉన్న ఆ వైరు యూనిట్ చెక్కకీ గోడకీ మధ్య నలిగి మడత పడిపోయి ఉంది, పండక్కి దులుపుళ్ళప్పుడు యూనిట్ వెనక్కి నెట్టేశారు కదా. గాజు తీగ తెగక్కర్లేదంట, గట్టిగా వంగితే చాలు వెలుతురు పక్కలకి కారిపోతుంది. ఆ ముక్క కోసేసి కొస శుభ్రం చేసి కొత్త కనెక్టర్ వేసి మళ్ళీ మీటర్ పెడితే మైనస్ 21. "ఈ వైరు గిట్లనే ఉంటే లక్ష రూపాయల రౌటర్ పెట్టినా గంతే అక్కా" అన్నాడు. మా మరిది పక్కనే నిలబడి విన్నాడు, అది నాకు బాగా నచ్చింది.

ఒకటి గుర్తుంచుకోండి, డబ్బాలోకి వెళ్ళే ఆ ఆకుపచ్చ కనెక్టర్ కొస ఏటవాలుగా కోసి ఉంటుంది, నీలం రంగుది తిన్నగా ఉంటుంది, ఒకదాని చోట ఇంకోటి దూర్చకూడదు, దూరుతుంది కానీ సిగ్నల్ పడిపోతుంది. పిల్లలుంటే ఆ కొసలోకి కళ్ళు పెట్టి చూడనివ్వకండి, లోపలి లేజర్ కంటికి కనబడదు.

ఇంకా కొన్నిసార్లు లైన్ మన చేతిలో ఉండదు. 2025 ఆగస్టులో రామంతాపూర్‌లో రథానికి కరెంటు తగిలి మనుషులు పోయాక సిటీలో చాలా చోట్ల స్తంభాల మీది కేబుల్స్ తెంపేశారు గుర్తుందా, అప్పుడు మా వీధిలో ఒకాయన రౌటర్ పాడైందనుకుని కొత్తది కొనుక్కొచ్చేశాడు పాపం.

లైన్ బాగయ్యాక వైఫై సంగతి. ఆన్‌లైన్‌లో ఓఎన్‌టీ రౌటర్ రెండూ కలిసిన డబ్బాలు కూడా అమ్ముతున్నారు, కంపెనీది తీసేసి అది పెట్టుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. నేనైతే వద్దంటాను. మన లైన్ జీపాన్‌దా ఈపాన్‌దా (ఫైబర్ లైన్లలో రెండు రకాలు) చూడాలి, ఆ డబ్బా సీరియల్ నెంబర్‌ని కంపెనీవాళ్ళు వాళ్ళ వైపు ఎక్కించాలి, చాలామంది ఎక్కించం అంటారు, పైగా మాకు ల్యాండ్‌లైన్ కూడా ఆ డబ్బాలోంచే వస్తుంది, దాని సెట్టింగులు మన చేతికి ఇవ్వరు. అందుకని వెలుతురు పని వాళ్ళ డబ్బాకే వదిలేసి, వెనక మన రౌటర్ పెట్టుకోవడమే నికరం. రేపు కంపెనీ మారినా రౌటర్ మనతోనే వస్తుంది.

కొనడానికి ప్యారడైజ్ దగ్గర పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులన్నీ ఉండే సీటీసీకి వెళ్ళాం. ఆన్‌లైన్‌లో కొంచెం తక్కువకి రావచ్చు గానీ డబ్బా చేతిలో పట్టుకుని వెనక పోర్టులు చూసి కొనడం నాకు ఇష్టం. షాపతను మొదట యాంటెన్నాలు లెక్కపెట్టి చూపించాడు. యాంటెన్నాల లెక్కతో పని లేదు అన్నా, పోర్టులు గిగాబిట్టా కాదా చెప్పు అన్నాను. గిగాబిట్ అంటే ఆ పోర్టులోంచి 1000 ఎంబీపీఎస్ వరకు పోగలదని, ఇది చాలామంది చూడరు. తక్కువ రేటు డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు రకాల వైఫై సిగ్నల్ ఇచ్చే) రౌటర్లలో కొన్నింటికి పోర్టులు 10/100, అంటే 100 ఎంబీపీఎస్‌వి మాత్రమే ఉంటాయి, అంటే 200 ప్లాన్ తీసుకున్నా ఆ పోర్టులోంచి 95 దాటి రాదు, వైఫై ఎంత బాగున్నా అంతే. డబ్బా మీద ఏసీ1200 అని పెద్దక్షరాలతో ఉండేది 2.4 గిగాహెర్ట్జ్‌లో 300, 5 గిగాహెర్ట్జ్‌లో 867 కలిపి పైకి గుండ్రంగా వేసుకున్న నెంబర్, ఒక ఫోన్‌కి 1200 వస్తుందని కాదు. మేము తీసుకున్నది వైఫై 6, ఏఎక్స్1500, అన్నీ గిగాబిట్ పోర్టులు, మూడున్నర వేల పైచిలుకు పడింది. 200 ప్లాన్‌కి అంతకు మించి అక్కర్లేదు, వైఫై 7 అని ఇంకోటి చూపించాడు, ఆ డబ్బులతో మిక్సీ వస్తుంది.

ఏ కంపెనీ అంటే టీపీ-లింకో డీ-లింకో ఆసుసో, నా దృష్టిలో అది మూడో ప్రశ్న. వారంటీ ఎన్నేళ్ళు, కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్‌కి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఆఖరిసారి ఎప్పుడు వచ్చింది, ఈ రెండూ ఫోన్‌లో అక్కడే చూసి తీసుకున్నాను. అప్‌డేట్ వచ్చి ఏళ్ళు గడిచిపోయినది ఎంత చవకైనా వద్దు.

అక్కడే లాన్ కేబుల్ కూడా కొన్నాం, రౌటర్ కంటే దీని మీదే ఎక్కువ బేరం జరిగింది. క్యాట్ 6 అని రాసి ఉన్నా కొన్నింట్లో లోపల అల్యూమినియం తీగకి పైన రాగి పూత ఉంటుంది. ముక్క అడిగి బ్లేడుతో గీకి చూడండి, గీకిన చోట వెండిలా తెల్లగా కనబడితే పూత, ఎర్రగానే ఉంటే నిజం రాగి. నేను గీకుతుంటే షాపతను "మేడమ్, బంగారం కొంటున్నరా" అన్నాడు. మొదటిది తెల్లగా తేలింది మరి.

రౌటర్‌ని సీలింగ్ ఫ్యాన్ లాగా ఇంటి నడుమ పెట్టాలి, మనవాళ్ళేమో వైరు ఎక్కడ లోపలికొస్తే అక్కడే, చెప్పుల స్టాండ్ పక్కన, పెట్టి ఊరుకుంటారు. మా ఓఎన్‌టీ కింద హాల్లోనే ఉండిపోయింది. పాత కేబుల్ టీవీ పైపు మెట్ల పక్క నుంచి పైకి వెళ్తుంది, ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అందులోంచే లాన్ కేబుల్ లాగించి రౌటర్‌ని మెట్ల మలుపులో ఎత్తుగా బిగించాం, అక్కడి నుంచి పైకీ కిందకీ రెండు వైపులా చూస్తుంది. క్రింపింగ్ (కేబుల్ కొసకి క్లిప్ బిగించడం) అయ్యాక చూస్తే లాప్‌టాప్‌లో 94 దగ్గరే ఆగింది. గిగాబిట్‌కి కేబుల్ లోపలి నాలుగు జతల తీగలూ తగలాలి, రెండు జతలే తగిలితే 100 దగ్గర ఆగిపోతుంది. గోధుమ రంగు తీగ ఒకటి క్లిప్‌లో సరిగ్గా కూర్చోలేదు, మళ్ళీ కొట్టించాక 200 నిండుగా వచ్చింది.

తర్వాత బ్రిడ్జ్ మోడ్, అంటే కంపెనీ డబ్బా వెలుతురు పని మాత్రమే చేసి, నెట్ పంచే పని మన రౌటర్‌కి వదిలేయడం. కంపెనీవాళ్ళకి ఫోన్ చేసి "మా ఓఎన్‌టీని బ్రిడ్జ్‌లో పెట్టండి, పీపీపీఓఈ యూజర్ ఐడీ పాస్‌వర్డ్ ఇవ్వండి, వీల్యాన్ నెంబర్ ఏమైనా ఉంటే చెప్పండి" అని ఈ మూడూ కలిపి ఒకేసారి అడగండి, విడివిడిగా అడిగితే విడివిడిగా తిప్పుతారు. పీపీపీఓఈ అంటే మన రౌటర్ కంపెనీ నెట్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి, వీల్యాన్ నెంబర్ అంటే ఆ లైన్‌లో నెట్‌కి కేటాయించిన దారి నెంబర్. పాత డబ్బా మ్యాక్ అడ్రస్ (ప్రతి డబ్బాకీ ఉండే గుర్తింపు నెంబర్) లాక్ అయి ఉంటే అది కూడా తీయమనాలి. కొందరు బ్రిడ్జ్ ఇవ్వనే ఇవ్వరు, అలాంటప్పుడు మన రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైఫై ఇవ్వడం మాత్రమే దాని పని) పెట్టి, వాళ్ళ డబ్బా వైఫై ఆపేస్తే సరిపోతుంది. వైఫై పేరు పాస్‌వర్డ్ మాత్రం పాతవే పెట్టాను, లేకపోతే ఇంట్లో ప్రతి ఫోనూ నేనే పట్టుకోవాలి. మామయ్య పాత టీవీకి డబ్ల్యూపీఏ3 (వైఫై భద్రతలో కొత్త పద్ధతి) ఎక్కదు కాబట్టి పాతదైన డబ్ల్యూపీఏ2 కూడా కలిపి ఉంచాను. 2.4లో ఛానల్ 1, 6, 11లో ఏది ఖాళీగా ఉందో చూసి పెట్టాను, మా చుట్టుపక్కల అందరూ 6 మీదే కూర్చున్నారు.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. ఇన్వర్టర్ ఉన్నా కరెంటు పోయి అది అందుకునే ఆ రెప్పపాటులో డబ్బా ఆగి మళ్ళీ మొదలవుతోంది, మీటింగ్ పోతోంది. అందుకని ఓఎన్‌టీకి ఒకటి రౌటర్‌కి ఒకటి చిన్న 12 వోల్టుల యూపీఎస్‌లు పెట్టాం. అడాప్టర్ మీద రాసిన వోల్టులు కచ్చితంగా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతో ఎక్కువో ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. ఊరికే ఊరికే రీస్టార్ట్ అయ్యే రౌటర్లలో కొన్నింటికి అసలు జబ్బు అరిగిపోయిన అడాప్టరే.

ఇప్పుడు మీటింగులు తెగట్లేదు, కింద డిబేట్లు గట్టిగానే నడుస్తున్నాయి. కింద వంటింట్లో మాత్రం, మధ్యలో స్లాబూ రెండు గోడలూ ఉన్నాయి కదా, 5 గిగాహెర్ట్జ్ అందదు, ఫోన్ 2.4కి మారిపోతుంది, అత్తయ్య వంట వీడియోలకి అది చాలుతోంది. అక్కడికి ఇంకో కేబుల్ లాగాలంటే గోడ కొట్టాలి, దసరాకి రంగులు వేయించేటప్పుడు చూద్దామన్నాం.