డ్రమ్ము వంచిన శుక్రవారం

పొద్దున ఎనిమిదిన్నరకు ఆశా అక్కా, ఏఎన్ఎం మేడమూ తిరుపతి బైరాగిపట్టెడలో మా వీధికి వచ్చారు. శుక్రవారం కదా, నిలవ నీళ్ళు పారబోసే డ్రై డే. నేను పచ్చడికి తాలింపు వేసి బయటికి వచ్చేసరికి మేడం నీళ్ళ డ్రమ్ములోకి టార్చి వేసి మామయ్యకు చూపిస్తోంది.

"అవిగో నాయనా, కదలాడతా ఉండాయే, అవే దోమపిల్లలు. గుడ్డు దోమై ఎగరడానికి వారం, పది దినాలు పడుతుంది. అందుకే వారానికొకసారి పారబొయ్యమనేది."

మామయ్య మారు మాట్లాడకుండా డ్రమ్ము వంచేశారు. నెల రోజులుగా నేను మొత్తుకుంటున్న పని అది. పారబొయ్యమన్నానే గానీ, ఎందుకో ఒక్కరోజూ చెప్పలేదు.

ఇదే మేడం 2021లో కూడా మా ఇంటికి వచ్చింది. మామయ్యకు ఆ ఏప్రిల్‌లో కోవిషీల్డ్ మొదటి డోసు పడింది. రెండోది ఆరు నుంచి ఎనిమిది వారాల్లో అన్నారు. ఆయన స్వామివారి క్యాలెండర్లో తేదీకి సున్నా కూడా చుట్టారు. మే 13న కేంద్రం ఆ గడువును 12 నుంచి 16 వారాలకు పెంచింది. టీవీ కింద పట్టీలో మాకు కనబడింది ఆ కొత్త అంకె ఒక్కటే. ఊళ్ళో టీకాలకు కరువు. "స్టాకు లేక సాకులు చెప్తా ఉండారు" అని మామయ్య తేల్చేశారు. వాట్సాప్‌లో వచ్చినవన్నీ చదివి, చివరికి రెండో డోసే వద్దన్నారు. రాత్రీపగలూ అంబులెన్సులు తిరుగుతున్న నెల అది. మా టెన్షన్ మాటల్లో చెప్పలేను.

అప్పుడు మేడం గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "స్టాకు తక్కువుండే మాట నిజమే నాయనా, దాచను. అయితే డోసుల మధ్య ఎడం పెరిగితే ఈ టీకా ఇంకా బాగా పనిచేస్తుందని బ్రిటన్‌లో చూసినారు. అదీ నిజమే." ఆ మొదటి ముక్క ఒప్పుకున్నందుకే మామయ్య రెండోది నమ్మారని నా నమ్మకం. ఆగస్టులో తనే వెళ్ళి వేయించుకున్నారు.

కొత్త జబ్బుకు సలహాలు మారక తప్పదు. మాస్కుల మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా 2020 జూన్ 5న తన మాట మార్చుకుంది. నా బాధ మార్పు గురించి కాదు. ఎందుకు మారిందో మన భాషలో, మన గుమ్మం దాకా వచ్చి చెప్పే పనిని ప్రభుత్వాలు ఆఖరికి నెట్టేశాయి. 'సామాజిక దూరం' అనే మాటే చూడండి. అంటరానితనం చూసిన ఊళ్ళలో ఆ మాట ఎట్లా వినబడుతుందో ఎవరైనా ఆలోచించారా? ఆరోగ్య సంస్థ 2020 మార్చిలోనే 'భౌతిక దూరం' అనమంది. మా వీధి బోర్డు మీద మాత్రం పాత మాటే ఉండిపోయింది.

సాయంత్రం మామయ్య పక్కింటివాళ్ళకు పూలకుండీ కింద పళ్ళెం ఎత్తి చూపిస్తున్నారు. "వారం, పది దినాలంట." పక్కింటావిడ అడిగింది, "మరి సంపు ఎట్లా పారబోస్తాం అన్నా? నీళ్ళు వచ్చేదే రెండు రోజులకోసారి."

మామయ్య కాసేపు ఆలోచించి నా వైపు తిరిగారు. "మేడం నంబరుందా మా? ఒకసారి అడుగు."