వెనక సీట్లో అమ్మ

కావలి నుంచి ఒంగోలు పెళ్లికి పోతున్నాం. సింగరాయకొండ దగ్గర హైవే ఒక్కసారిగా వెడల్పయి, నున్నటి సిమెంటు రోడ్డు వచ్చింది. అవసరమైతే యుద్ధవిమానాలు ఇక్కడే దిగుతాయని తమ్ముడు గొప్పగా చెప్పాడు. నా పక్కన కూర్చున్న మా పదకొండేళ్ల పిల్ల కాసేపు చూసి, "అమ్మా, విమానాలు దిగే రోడ్డు మీద నువ్వు కారు కూడా నడపవా?" అంది.

తమ్ముడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను, వేరే దారి లేక.

తప్పు నాదే. మొన్న మార్చి సెలవుల్లో ఏడుస్తున్నదాన్ని లాక్కెళ్లి స్వీట్‌వాటర్ మ్యూజియం చూపించాను. అమెరికాలో మేముండే డాలస్ నుంచి మూడున్నర గంటలు, నేనే నడిపాను. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా మహిళా పైలట్లు, 'వాస్ప్'లు, శిక్షణ పొందిన ఊరది. 25,000 మందికి పైగా దరఖాస్తు పెడితే శిక్షణ పూర్తి చేసింది 1,074 మంది. ఫ్యాక్టరీలో తయారైన విమానాలను స్థావరాలకు చేర్చేవాళ్లు. విమానం వెనక గుడ్డ కట్టుకుని ఎగిరితే, కింద కుర్ర సైనికులు దాని మీద నిజం తూటాలు పేల్చి గురి నేర్చుకునేవాళ్లు. 38 మంది ప్రాణాలు పోయాయి.

మా పిల్లకు అంతా బోరే. ఒక్కచోట మాత్రం ఆగింది. లెక్కకు వాళ్లు సివిలియన్లు కాబట్టి శవపేటిక మీద జెండా కప్పే మర్యాద లేదు. ఊరికి పంపే ఖర్చుకు తోటి అమ్మాయిలే చందాలు వేసుకునేవాళ్లట. 1944 డిసెంబరులో ఇక చాలని ఇళ్లకు పంపేశారు. మాజీ సైనికులుగా గుర్తించింది 1977లో. "మరి అప్పటిదాకా వాళ్లు ఊరుకున్నారా?" అని అడిగింది. అంతే, నాకు ఊపొచ్చింది. కార్గిల్‌లో హెలికాప్టర్లు నడిపిన గుంజన్ సక్సేనా, శ్రీవిద్య రాజన్ దాకా తిరుగుదారంతా ఉపన్యాసమే.

అదే మనిషి కావలిలో దిగగానే వెనక సీటెక్కుతుంది. "నీకెందుకక్కా, ఈడ లారీలోళ్లు చూసుకోని రారు, నేను తోలతా" అంటాడు తమ్ముడు. నేను మారుమాట్లాడను.

పిల్లలకు చెప్పడం కాదు, చేసి చూపించాలి అని రాద్దామనే కూర్చున్నాను. కానీ నిజం ఒప్పుకోవాలిగా, ఆ వెనక సీటు నాకు హాయి. ఏడాదంతా స్కూలుకీ డాన్సు క్లాసుకీ వీళ్లను తిప్పే దాన్ని, ఇక్కడ అమ్మ భుజం మీద తల వాల్చి నిద్రపోతాను. అది గారాబమో, అలవాటైన లొంగుబాటో నాకే తెలీదు. పిల్లకేం చెప్పను?

మర్నాడు పొద్దున తాళాలు అడిగాను. తమ్ముడు అమ్మ వైపు చూశాడు, అమ్మ దోసెల పెనం వైపు చూసింది. నా పాత లైసెన్సు ఇంకా చెల్లుతుందని రెండుసార్లు చెప్పాక ఇచ్చాడు. సందు మలుపులో ఇండికేటర్ వేయబోయి వైపర్లు వేశాను. ఎర్రటి ఎండలో అవి కిర్రు కిర్రుమంటూ అద్దం తుడుస్తున్నాయి. పెట్రోలు బంకు దాకా వెళ్లి, దిగి, తాళాలు వాడికే ఇచ్చేశాను.

మా పిల్ల ఏమీ అనలేదు. సీటు బెల్టు విప్పి, ముందు సీట్లోకి మారి కూర్చుంది.