ఒంటిపూట ఉద్యోగం

పాప రెండో తరగతికి వచ్చిన ఏడు, అంటే 2024లో, నేను తిప్పర్తి నుండి నల్లగొండకు వెళ్ళి ఒక పన్నుల సలహాదారు వద్ద ఉదయం పది నుండి రెండు గంటల వరకు లెక్కలు చూసే పనిలో చేరాను. పాప పుట్టకముందు మిర్యాలగూడలో నేను చేసినదీ ఇదే పని. అయితే నేను మానేసిన కొద్ది నెలలకే, 2017 జూలై 1న, అమ్మకాల మీది పాత పన్ను వ్యాట్ పోయి కొత్త పన్ను జీఎస్‌టీ వచ్చింది. జమాఖర్చుల సూత్రం మారలేదు కాబట్టి చేతికి పని మళ్ళీ అలవాటు కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు, కానీ నియమాలన్నీ కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. మా ప్రాంతపు బియ్యం మిల్లుల సంగతే చూడండి: 2022 జూలై 18 నుండి, ముందే తూచి లేబుల్ అంటించిన బియ్యం సంచి 25 కిలోల వరకు ఉంటే 5 శాతం పన్ను పడుతుంది, అంతకు మించితే పడదు. ఇటువంటివి తెలియకుండా ఒక్క బిల్లు కూడా ఎక్కించలేము.

నేర్చుకోవడం కంటే కష్టమైనది వేళలు నిలుపుకోవడం. నెలవారీ రిటర్నులు, అంటే పన్ను లెక్కల పత్రాలు, వేసే వ్యాపారులకు అమ్మకాల వివరాలకు 11వ తేదీ, పన్ను చెల్లింపుకు 20వ తేదీ గడువు. ఆ రోజుల్లో రెండు గంటలకే లేచి వెళ్తానంటే ఎవరికైనా ఇబ్బందే. అందుకే చేరేటప్పుడే, గడువు రోజుల్లో ఎక్కువసేపు ఉంటాననీ, ఆ గంటలకు బదులు నెలాఖరులో సెలవు కావాలనీ అడిగి కాగితం మీద రాయించుకున్నాను. మాట మీద వదిలేసిన సగం పూట పని సగం జీతానికి పూర్తి పనిగా మారడం నేను చాలామంది విషయంలో చూశాను.

జీతం తక్కువే. 2023 డిసెంబరు నుండి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేకపోవడం వల్లనే అది ఇంటికి చేరుతున్నది. ప్రసూతి సెలవును 26 వారాలకు పెంచిన 2017 నాటి చట్ట సవరణ మంచిదే. కానీ ఉద్యోగం వదిలి ఏళ్ళ తరువాత తిరిగి వచ్చేవారికి అందులో ఏమీ లేదు, శిశు సంరక్షణ గది కూడా కనీసం 50 మంది పనిచేసే చోటనే తప్పనిసరి. మావంటి చిన్న కార్యాలయాల్లో పిల్లల బాధ్యత ఇంటివాళ్ళే పంచుకోవాలి. మా ఇంట్లో పొద్దుటి వంట నాది, పాపను తయారుచేసి బడికి పంపడం మా ఆయనది. ఈ ఏర్పాటు కుదరకుండా బయలుదేరి ఉంటే, పొద్దున్నే రెండు పూటల పని నా ఒక్కదాని మీదనే పడేది.

ఇక మార్చి. ఆర్థిక సంవత్సరం ముగింపు పనులు ముమ్మరంగా సాగే ఆ నెల నడుమనే ఒంటిపూట బడులు మొదలై, పిల్లలను పన్నెండున్నరకే ఇంటికి వదిలేస్తారు. ఆ రెండు వారాలు పాపను అత్తమ్మ చూసుకుంటానన్నది. కార్యాలయంలోనూ నన్ను ఎనిమిదిన్నరకే వచ్చి పన్నెండున్నరకు వెళ్ళమన్నారు. మిగిలిన పద్దులు ఇంటి నుండి చేసి పంపడానికి పాత కంప్యూటర్ ఒకటి బాగుచేయించుకుంటున్నాను.