పదమూడా, పద్దెనిమిదా

జూలైలో ఒక రాత్రి. అనంతపురంలో ఎనిమిదిన్నర అయితే డాలస్‌లో ఉదయం పది. మా అమ్మ ఇంటి వరండాలో మా అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచి, కాలేజీ అడ్వైజర్‌తో మాట్లాడటానికి కూర్చుంది. "నాన్నా, నువ్వు కెమెరాలో కనపడకూడదు" అని ముందే షరతు పెట్టింది. కుర్చీ పక్కకు జరుపుకొని, వేయించిన చెనక్కాయలు ఒలుచుకుంటూ చెవి మాత్రం అటే వేసి ఉంచాను.

ఆగస్టు చివర్లో మొదలయ్యే సెమిస్టర్‌కి ఎన్ని కోర్సులు తీసుకోవాలన్నది విషయం. నా లెక్క 18 క్రెడిట్లు, తన లెక్క 13. వారానికి ఒక గంట క్లాసుంటే దాదాపు ఒక క్రెడిట్ అన్నమాట. ఈ ఐదు క్రెడిట్ల మీద విమానం ఎక్కినప్పటి నుంచీ మాకు గొడవే.

రాసేది నేను కాబట్టి ముందు నా వాదన చెబుతాను. డిగ్రీకి 120 క్రెడిట్లు కావాలి. హైస్కూల్లోనే కాలేజీ క్రెడిట్లు తెచ్చిపెట్టే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) పరీక్షలు రాసి తెచ్చుకున్నవి 20, మొదటి ఏడాదిలో పూర్తి చేసినవి 27. మిగిలింది 73. సెమిస్టర్‌కి 18 చొప్పున లాగితే నాలుగు సెమిస్టర్లు, వేసవిలో ఒక చిన్న కోర్సు. మొత్తం మూడేళ్లలో పట్టా చేతికొస్తుంది. పైగా వాళ్ల కాలేజీలో 12 దాటాక ఎన్ని తీసుకున్నా ఫీజు ఒకటే. ఫుల్ మీల్స్‌కి డబ్బు కట్టి ఒక్కసారి అన్నం పెట్టించుకొని లేచి వచ్చే రకం కాదు మేము.

ఫీజు పైకి చెప్పే కారణం. లోపలి టెన్షన్ వేరే. మా పాప నాలుగేళ్లప్పుడు మాతో వచ్చింది, ఇప్పటికీ హెచ్-4 మీదే, అంటే అమ్మానాన్నల ఉద్యోగ వీసాను పట్టుకొని పిల్లలకు వచ్చే వీసా మీదే ఉంది. గ్రీన్ కార్డు క్యూ కదలడం లేదు. 21 నిండితే హెచ్-4 పోతుంది. ఆ పుట్టినరోజు మూడో ఏడాది అయిపోయాక వచ్చే అక్టోబరులో. ఈలోపే చదువు ముగించేస్తే ఒక గండం గడుస్తుందని నా ఊహ. స్టూడెంట్ వీసా ఎఫ్-1కి మారితే సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు చదివి తీరాలి, వాటిలో ఆన్‌లైన్ క్లాసు ఒక్కటే లెక్కకొస్తుంది, ఆ తలనొప్పి ఎందుకని.

తన వాదన వినడానికి నాకు ఏడాది పట్టింది. మొదటి సెమిస్టర్‌లో నా మాట మీదే 17 తీసుకుంది. కాగితం మీద చూస్తే వారానికి 17 గంటల క్లాసులు, అంతేగా అనిపిస్తుంది. ఒక్కో గంట క్లాసుకి బయట రెండు గంటల చదువు అని అక్కడ లెక్క. అంటే 51 గంటలు. కెమిస్ట్రీ ల్యాబ్‌కి ఇచ్చేది ఒక్క క్రెడిట్టే, కానీ వారానికి మూడు గంటలు అక్కడ నిలబడాలి, ఇంటికొచ్చి రిపోర్టు రాయాలి. అన్ని క్రెడిట్ల బరువూ ఒకటి కాదని నాకు అప్పుడు తెలియదు. నవంబరులో కెమిస్ట్రీ వదిలేసింది. మాకు చెప్పలేదు. జనవరిలో ట్రాన్స్‌క్రిప్ట్‌లో ఆ కోర్సు ఎదురుగా 'డబ్ల్యూ' (విత్‌డ్రా, అంటే మధ్యలో వదిలేసినట్టు) అన్న అక్షరం చూసి, అదేదో కొత్త గ్రేడు అనుకున్నాను.

టెక్సాస్‌లో ఇంకో చట్టం ఉంది. 2007 నుంచి, ప్రభుత్వ కాలేజీల్లో డిగ్రీ మొత్తానికి ఆరు కోర్సుల కంటే ఎక్కువ వదలడానికి లేదు. క్లాసులు మొదలైన పన్నెండో రోజులోపు మానుకుంటే లెక్కలోకి రాదు, ఆ తర్వాత అయితే వస్తుంది. ఆ సంగతి తెలిసిన రోజు ఫోన్‌లో నేనన్న మొదటి మాట, "ఇంక ఐదే ఉన్నాయి నీకు". ఎందుకు వదిలావని అడగలేదు. అదే ఫోన్‌లో ఇంకో మాట కూడా జారాను. "నీ ఫ్రెండ్స్ ఉద్యోగం చేస్తూ చదువుతున్నారు, నీకు ఆ పని కూడా లేదు కదా" అన్నాను. హెచ్-4 మీద ఉన్న పిల్లలకు పనిచేసే అనుమతి ఉండదు. అది తను కోరుకున్నది కాదు. వారం రోజులు నాతో మాట్లాడలేదు.

ఈసారి వచ్చినప్పుడు పొద్దున వాకింగ్‌కి జేఎన్‌టీయూ క్యాంపస్‌కి తీసుకెళ్లాను. 1946లో మద్రాసు గిండీలో మొదలై, 1948లో అనంతపురానికి వచ్చిన కాలేజీ అది. 1972లో జేఎన్‌టీయూలో కలిసింది, 2008లో తనే యూనివర్సిటీ అయింది. "నువ్వు ఎన్ని కోర్సులు తీసుకునేవాడివి?" అని అడిగింది. నవ్వొచ్చింది. మమ్మల్ని ఎవరడిగారు? సిలబస్ ఎంత ఉంటే అంత. టైమ్‌టేబుల్ బోర్డు మీద అంటించేవాళ్లు, రాసుకునేవాళ్లం. 75 శాతం అటెండెన్స్, చివర్లో మూడు గంటల పరీక్ష, దానికి ముందు రెండు వారాల నైటౌట్లు. వాళ్లకలా కాదు, వారం వారం హోంవర్కు, క్విజ్‌లు, మధ్యలో మిడ్‌టర్మ్‌లు. చివరి రెండు వారాల్లో లాగేయడానికి అక్కడ ఏమీ మిగలదు.

నా సబ్జెక్టులన్నీ మొదటిసారే పాసయ్యానని పిల్లలకు చెప్పి ఉన్నాను. మొదటి ఏడాది మ్యాథ్స్ సప్లీలో గట్టెక్కింది. క్యాంపస్‌లో చెట్ల కింద నడుస్తూ చెబుదామనుకున్నాను కానీ, టీ కొట్టు కనపడింది, మాట మారిపోయింది.

రాత్రి కాల్‌కి వస్తాను. అడ్వైజర్ అడిగిన మొదటి ప్రశ్న, వారంలో ఎన్ని గంటలు నిద్రపోతావు అని. నాకది అడ్వైజర్ అడగాల్సిన ప్రశ్నలా అనిపించలేదు. తర్వాత కోర్సులు. కెమిస్ట్రీ ల్యాబ్‌తో కలిపి మళ్లీ నాలుగు, లీనియర్ ఆల్జీబ్రా మూడు, డేటా స్ట్రక్చర్స్ మూడు, అమెరికా చరిత్ర మూడు. ఆ చరిత్ర అక్కడ ప్రభుత్వ కాలేజీల్లో ఏ డిగ్రీ చదివినా తప్పదు. మొత్తం 13. కాల్ అయ్యాక పాప ఒక కాగితం నా వైపు తోసింది. 13 చొప్పున ఆరు సెమిస్టర్లు, 78. కావాల్సింది 73. నాలుగేళ్లకు సరిగ్గా సరిపోతుంది. ఎక్సెల్ షీటులో మూడేళ్ల లెక్క ఎన్ని రకాలుగానో వేశాను కానీ, ఈ కూడిక వేసి చూడలేదు.

"21 సంగతో?" అన్నాను.

ఇంటర్నేషనల్ స్టూడెంట్స్ ఆఫీసుకి మేలోనే రాసిందట. హెచ్-4 మీదే పట్టా పుచ్చుకుంటే తర్వాత పనిచేయడానికి ఓపీటీ, అంటే చదువయ్యాక కొంతకాలం ఉద్యోగం చేసుకోనిచ్చే అనుమతి, దొరకదు, అది ఎఫ్-1లో ఉన్నవాళ్లకే. మూడేళ్లలో ముగిస్తే చేతిలో పట్టా ఉంటుంది, పని చేసే దారి ఉండదు. ఎలాగూ ఎఫ్-1కి మారాలి, మారాకే చదువు పూర్తి కావాలి. నేను గండం అనుకున్నదే తనకు దారి. రెండు నెలలుగా ఈ మెయిల్ తన దగ్గరే ఉంది. ఎందుకు చెప్పలేదంటే, "నువ్వు 18 అన్నావు కదా, ఇంకేం అడగలేదు" అంది.

మా అమ్మ అంతసేపూ గడప మీద కూర్చొని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. పల్లెలో మా నాన్న ఏడు సాళ్ల చెనక్కాయకు ఒక సాలు కంది వేసేవాడు. వాన మొహం చాటేసినా కంది ఏదో ఒకటి ఇచ్చేది. ఆ లెక్క ఎత్తుకొని అమ్మ మనవరాలి పక్షాన మాట్లాడుతుందేమోనని చూశాను.

"ఎన్ని సబ్జెక్టులు పాపా?" అంది.

"నాలుగు అవ్వా."

"నాలుగేనా! మీ నాయన ఎనిమిది సదివినాడు గదమ్మా."

ఆ ఎనిమిదిలో ఒకటి ఎట్లా గట్టెక్కిందో ఆమెకు తెలుసు. సప్లీ ఫీజు కట్టింది ఆమే. నా వైపు ఒకసారి చూసి, మళ్లీ చేట కుదిపింది.

"అట్లయితే నీకు ఖాళీనే గదా. దసరాకు రా పాపా, ఓళిగలు చేస్తా."

పాప నా మొహం చూసింది, నువ్వే చెప్పు అన్నట్టు. నేను చెనక్కాయ పొట్టు ఊదుకుంటూ కూర్చున్నాను.