ర్యాంకు కింద ఉన్న మార్కులు

2025 జులై 17న ఢిల్లీలోని విజ్ఞాన్ భవన్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము స్వచ్ఛ సర్వేక్షణ్ (పట్టణాల పరిశుభ్రతకు మార్కులు వేసే కేంద్ర ప్రభుత్వ సర్వే) పురస్కారాలు అందజేసిన రోజు సాయంత్రం, మా అపార్టుమెంటు కింద చేరిన పెద్దలు అడిగిన మొదటి ప్రశ్న, విజయవాడకు ఎన్నో ర్యాంకు వచ్చిందని. నాకు సమాధానం చెప్పడం కష్టమైంది. ఎందుకంటే ఈసారి విజయవాడకు ర్యాంకే లేదు. ఇండోర్, సూరత్, నవీ ముంబయిలతో పాటు మన నగరాన్ని ‘సూపర్ స్వచ్ఛ లీగ్’ అనే కొత్త విభాగంలో చేర్చారు. అంతకు ముందు మూడేళ్లలో ఒక్కసారైనా మొదటి మూడు స్థానాల్లో నిలిచి, తాజా సర్వేలోనూ తమ జనాభా విభాగంలో పైనున్న 20 శాతంలోపు ఉన్న నగరాలను అందులోకి తీసుకున్నారు. గుంటూరు, తిరుపతి కూడా తమ తమ విభాగాల్లో ఈ లీగ్‌లోకి వచ్చాయి. మిగిలిన పెద్ద నగరాల వరుసలో అహ్మదాబాద్ మొదటిదయింది. ఇదంతా వివరించాక, మా పక్కింటి విశ్రాంత ఉపాధ్యాయులు, ‘అయితే మొదటిదా, నాలుగోదా, అది చెప్పండి’ అన్నారు.

ఆయనను తప్పుపట్టలేను, పదేళ్లుగా పత్రికలు మనకు నేర్పిన లెక్క అదే కదా. ఈ సర్వే 2016లో 73 నగరాలతో మొదలైనప్పుడు మైసూరు ప్రథమ స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది నుంచి ఇండోర్ వరుసగా ఏడుసార్లు మొదటి స్థానం పొందింది, ఏడోసారి మాత్రం సూరత్‌తో పంచుకుంది. 2017లో విశాఖపట్నం మూడో స్థానంలో ఉంది. విజయవాడ 2020లో నాలుగు, 2021లో మూడు, 2022లో ఐదు, 2023లో ఆరు. ఈ అంకెలను నమ్మితే 2021 తరువాత మా వీధులు ఏటేటా మురికి కూడుతూ వచ్చాయనుకోవాలి. రోజూ ఆ వీధుల్లో నడిచే మనిషిగా చెబుతున్నాను, అటువంటిదేమీ జరగలేదు. పోటీపడే ఊళ్లు నాలుగు వేలకు పైనే, పైగా ప్రశ్నపత్రం పెరిగింది. 2021లో 6,000 మార్కులకు జరిగిన పరీక్ష 2022లో 7,500కు, 2023లో 9,500కు చేరింది. కొత్త ప్రశ్నలు చేరిన పరీక్షలో నిరుటి ర్యాంకును ఈ ఏటి ర్యాంకుతో పోల్చి చూసుకోవడం వల్ల తెలిసేది చాలా తక్కువ.

నిజానికి తెలుసుకోదగిన సంగతి ఆ ర్యాంకు కింద ఉంటుంది. ప్రతి పట్టణానికీ ఒక నివేదిక పత్రం ఉంటుంది. ఇంటింటి చెత్త సేకరణ ఎంత శాతం, ఇంటి వద్దే తడి, పొడి వేరుచేయడం ఎంత శాతం, పోగయ్యే చెత్తలో శుద్ధికి వెళ్లేది ఎంత, పాత డంపింగ్ యార్డులో గుట్టలు ఎంతవరకు తొలగాయి, నివాస ప్రాంతాలు, మార్కెట్లు, జలవనరులు, పబ్లిక్ టాయిలెట్లు ఎలా ఉన్నాయి అన్నవి అందులో విడివిడిగా కనిపిస్తాయి. వీటిలో నేను ముందుగా చూసేది రెండోదే, అంటే తడి, పొడి వేరుచేయడమే, ఎందుకంటే మిగిలినవాటిలో సగం దాని మీదే ఆధారపడి ఉన్నాయి. 2022 ఫిబ్రవరిలో ఇండోర్‌లో ప్రారంభమైన ప్లాంటు రోజుకు 550 టన్నుల తడి చెత్తను మురగబెట్టి బయో సీఎన్‌జీ తీస్తుంది, ఆ వాయువుతో సిటీ బస్సులు నడుస్తున్నాయి. అయితే కూరగాయల తొక్కల్లో పాలిథిన్ సంచులూ సీసా పెంకులూ కలిసి వస్తే అటువంటి యంత్రం పనిచేయలేదు. అక్కడి ఇళ్లలో చెత్తను ఆరు రకాలుగా వేరుచేసి బండిలోని వేర్వేరు అరల్లో వేస్తారు కాబట్టే అది సాధ్యమైంది. వేరుచేయని చెత్తను ఎండబెట్టి తగలబెట్టి కరెంటు తీసే మార్గమూ ఉంది, గుంటూరు సమీపంలోని ప్లాంటు చేసేది అదే. గుట్టగా పడి ఉండటం కంటే అది మేలే అయినా, ఎరువుగా మారవలసిన తడి చెత్తను తగలబెట్టడం నాకు రుచించదు.

మా ఇంటి సంగతి దాచుకోను. ఇంటి ముందు రెండు బుట్టలూ ఉన్నాయి. అయినా బిరియానీ పార్సిల్ తెచ్చుకున్న రాత్రి, సాల్నా కట్టిన ప్లాస్టిక్ కవర్లతో సహా అంతా ఒకే బుట్టలోకి వెళ్లేది. ఒకరోజు చెత్త బండి ఈల వినిపించగానే బుట్ట తీసుకుని కిందికి వెళితే, పుష్‌కార్టు దగ్గరున్న కార్మికురాలు ‘సార్, పగిలిన గాజు గ్లాసులుంటే కాగితంలో చుట్టి విడిగా ఇవ్వండి, మొన్న వేలు తెగింది’ అన్నది. ఆ గ్లాసు మాదేనని నాకు తెలుసు. మేము రెండు నిమిషాలు వెచ్చించక వదిలేసిన పనిని ఆమె చేతితో చేస్తోంది. ఈ పోటీలో పట్టణాలకు పడే మార్కుల్లో ఎన్ని ఇలా సంపాదించినవో నివేదికలో కనిపించదు.

సర్వే బృందం చెప్పకుండా రావాలన్నది నియమం. అయినా వచ్చే రోజులు దగ్గరపడ్డాయని ఊరికి ఎలాగో తెలిసిపోతుంది. మా బంధువుల ఊరిలో (పేరు వద్దు) ఆ నెలలో గోడలకు బొమ్మలు, చెత్త పోసే మూలల్లో ముగ్గులు, పూలకుండీలు వెలిశాయి. ముగ్గు వేసిన చోట చెత్త పోయడానికి మనవాళ్లకు చేయి రాదు కాబట్టి ఆ ఉపాయం మంచిదే. కానీ సంక్రాంతి దాటాక ముగ్గు చెరిగిపోయింది, కుండీలు మాయమయ్యాయి, మూల మళ్లీ మూలే అయింది.

ఈ విషయంలో పాత పోటీ ఒకటి నాకు ఎక్కువగా నచ్చుతుంది. 2012 అక్టోబరులో వరంగల్‌లో వారం రోజులపాటు ‘క్లీన్ సిటీస్ ఛాంపియన్‌షిప్’ జరిగింది. అప్పటి ఉమ్మడి రాష్ట్రంలోని ఇతర పట్టణాల మునిసిపల్ సిబ్బంది వరంగల్‌కు వచ్చి, ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేరుగా ఇవ్వమని ఒప్పించి, చెత్త సేకరించి చూపించారు. పరీక్షకులు వచ్చి చూసిపోయే పోటీ కాదది, పనే పోటీ. అందులో ఓడినవారు కూడా ఒక వారం పని నేర్చుకునే వెళ్లి ఉంటారు.

ఇవన్నీ ఆ సాయంత్రం పక్కింటి మాస్టారికి వివరించి చెప్పాను. ఆయన ఓపికగా విన్నారు. మరునాడు ఉదయం ఈల వినిపించగానే, ఎన్నడూ లేనిది, రెండు చేతుల్లో రెండు బుట్టలతో దిగివచ్చారు. పొడి చెత్త బుట్టలో పైనే అరటి తొక్క కనిపించింది. కార్మికురాలు దానిని తీసి రెండో దాంట్లో వేసి, ‘రేపు చూద్దాం మాస్టారూ’ అన్నది.