కారు వెనక స్పీకర్లు మార్పించుకున్న నా అనుభవం

నా కారు 2016లో కొన్నది. కంపెనీవాళ్లు బిగించి ఇచ్చిన నాలుగు స్పీకర్లలో వెనక తలుపుల్లోని రెండూ ఈ వేసవిలో పోయాయి. వాటిని మార్పించడానికి ఒక్క పూట పట్టింది. మార్పించిన తరువాత పాట పాటలా వినిపించడానికి మాత్రం పన్నెండు రోజులు పట్టింది. నాలుగు రోజుల క్రితమే ఆ చిక్కు విడింది కనుక అన్నీ గుర్తుండగానే రాసి పెడుతున్నాను.

ఎడమవైపుది కొన్నాళ్లు గరగరలాడి, తరువాత పూర్తిగా మూగబోయింది. కుడివైపుది శబ్దం కాస్త పెంచగానే బర్రుమనేది. ఏది పోయిందో తెలుసుకోవడానికి ఎవరికీ డబ్బు ఇవ్వనక్కరలేదు. స్టీరియోలో శబ్దాన్ని ముందు, వెనక స్పీకర్లకు పంచే ఫేడర్‌ను పూర్తిగా వెనక్కి జరిపి, బ్యాలెన్స్‌ను ఒకసారి ఎడమకూ ఒకసారి కుడికీ తిప్పితే ఒక్కొక్క స్పీకరూ విడిగా వినిపిస్తుంది. సర్వీసు సెంటరులో అడిగితే అసలు స్పీకరు ఒక్కొక్కటి మూడు వేల నాలుగు వందలనీ, తెప్పించడానికి రెండు వారాలు పడుతుందనీ అన్నారు. అదే కాగితపు కోన్‌కు, అంటే కదిలి శబ్దం పుట్టించే ఆ గరాటుకు, అంత పెట్టడం దండగనిపించి బయట కొనాలని నిశ్చయించుకున్నాను.

కొనేటప్పుడు డబ్బా మీద పెద్ద అక్షరాలతో వేసే 300 వాట్ల అంకెను పట్టించుకోకండి. అది క్షణకాలపు గరిష్ఠం మాత్రమే. చూడవలసింది స్పీకరు నిలకడగా భరించే వాట్లను చెప్పే ఆర్‌ఎంఎస్ అంకెనూ, దానికంటే ముఖ్యంగా సెన్సిటివిటీనీ, అంటే ఇచ్చిన వాట్లకు ఎంత శబ్దం వస్తుందో చెప్పే అంకెనూ. కారుతో వచ్చిన స్టీరియో ఒక్కొక్క స్పీకరుకు నిజంగా ఇవ్వగలిగేది పదిహేను, ఇరవై వాట్లే. సెన్సిటివిటీ 3 డెసిబెల్స్ ఎక్కువున్న స్పీకరు సగం వాట్లతోనే అంత శబ్దం ఇస్తుంది కాబట్టి, ఇలాంటి స్టీరియోకు 90 డెసిబెల్స్ దాటినదే సరిపోతుంది. ఇంపీడెన్స్, అంటే కరెంటుకు స్పీకరు చూపే నిరోధం, పాత స్పీకరుకున్నంతే, అంటే నా కారులో 4 ఓమ్‌లే ఉండాలి. తగ్గితే స్టీరియో వేడెక్కుతుంది. వెనక అయస్కాంతం లోతు కూడా కొలుచుకోవాలి, లేకపోతే అద్దం దించినప్పుడు దానికి తగులుతుంది. ఇవన్నీ చూసుకుని ఆరున్నర అంగుళాల జత ఒకటి రెండు వేల ఎనిమిది వందలకు కొన్నాను. ఇంతవరకూ ఏ ఇబ్బందీ లేదు.

బిగించడానికి మా విజయవాడలోనే ఒక కారు అలంకరణ సామగ్రి దుకాణానికి వెళ్లాను. పనివాడు చిన్న కుర్రవాడు, చేతివేగం బాగానే ఉంది. డోర్ ప్యాడ్ ఊడదీసి, పాత స్పీకరు రివెట్లను డ్రిల్లుతో తొలిచి బయటికి తీశాడు. మల్టీమీటరు పెడితే ఎడమదానిలో రీడింగే రాలేదు, అంటే లోపల కోన్‌ను కదిలించే తీగచుట్ట, వాయిస్ కాయిల్, తెగిపోయింది. బాగున్న 4 ఓమ్‌ల స్పీకరయితే మూడున్నర దగ్గర చూపిస్తుంది. కుడిదానిని నేను చేతిలోకి తీసుకుని చూశాను. కోన్ అంచు చుట్టూ ఉండే మెత్తటి ఫోమ్ వేలు తగలగానే పొడిపొడిగా రాలి నా చొక్కా మీద పడింది. ఇన్ని మే నెలలు ఎండలో నిలబెట్టిన కారుకు అది సహజమే.

అయితే ఆ కుర్రవాడు రెండు పనులు నా కళ్ల ముందే తప్పు చేశాడు, అడ్డుకోనందుకు ఇప్పటికీ బాధగా ఉంది. డోర్ ప్యాడ్ వెనక నల్లటి జిగురుతో అంటించిన పాలిథీన్ షీటును కట్టరుతో అడ్డంగా కోసేశాడు. వానలో అద్దం మీదుగా తలుపులోకి దిగే నీరు కింది రంధ్రాల గుండా బయటికి పోవాలే గాని లోపలి ప్యాడ్‌కూ స్పీకరుకూ తగలకూడదు. అందుకోసం వేసిన షీటు అది. రెండోది, కంపెనీ ప్లగ్గును పాత స్పీకరుకే వదిలేసి వైర్లను కత్తిరించి, కొత్త స్పీకరు వైర్లతో మెలిపెట్టి ఇన్సులేషన్ టేపు చుట్టాడు. మన కారు ప్లగ్గుకు సరిపోయే కప్లరు బజారులో దొరుకుతుంది, దానితో ఒక్క వైరూ తెంచకుండా బిగించవచ్చు. "అవన్నీ ఎందుకు సార్, ఇదే గట్టిది" అన్నాడు. నేను చేసిన ఒకే ఒక్క మంచి పని, పాత స్పీకర్లను అడిగి తీసుకుని డిక్కీలో వేసుకోవడం. మీరూ పాత సామాను దుకాణంలో వదిలిపెట్టకండి.

ఇంటికి వస్తూ మృదంగం తనియావర్తనం, అంటే కచేరీలో మృదంగం ఒక్కటే వాయించే భాగం, ఒకటి పెట్టుకున్నాను. నేను పన్నెండేళ్లు గురువుగారి ఎదురుగా కూర్చుని మృదంగం నేర్చుకున్నవాణ్ణి. ఎడమ మూతను తొప్పి అంటాము. దానికి రవ్వ ముద్ద అద్ది వాయిస్తే వచ్చే ఆ గంభీరమైన నాదమే మృదంగానికి ప్రాణం. కొత్త స్పీకర్లలో కుడిచేతి దెబ్బలు గాజుగిన్నె మీద చెంచాతో కొట్టినట్లు స్పష్టంగా వస్తున్నాయి గాని తొప్పి లేదు. గుమ్కీలు, అంటే తొప్పి మీద ఊగిస్తూ పలికించే నాదాలు, గాలిలో కలిసిపోయినట్లున్నాయి. పాట పెడితే గాయకుడి గొంతు ఎదురుగా నిలవకుండా కారంతా చెదిరిపోయినట్లుంది. పాడైన స్పీకర్లున్నప్పుడు, ముందు రెండింటితో విన్నప్పుడే ఇంతకంటే నయంగా ఉండేది.

మరునాడు దుకాణానికి వెళ్లి చెప్పాను. యజమాని వచ్చి, కారులో కూర్చోకుండానే కిటికీ దగ్గర వంగి అర నిమిషం విని, కొత్తవి కదా, నలభై గంటలు వాడితే శబ్దం తెరుచుకుంటుందన్నారు. పది రోజులు వాడి మళ్లీ వెళ్లాను. ఈసారి యాంప్లిఫయరు లేనిదే వీటికి బేస్ రాదనీ, పన్నెండు వేలు పెడితే డిక్కీలో బిగిస్తాననీ అన్నారు. ఉన్నది అదే స్టీరియో, అంతకుముందు అంతకంటే నాసిరకం స్పీకర్లతో తొప్పి వినిపించేది కదా అని అడిగాను. అక్కడ మరో నలుగురు ఖాతాదారులున్నారు. వాళ్ల ముందు ఆయన, "ముందు చెవులు పరీక్ష చేయించుకోండి సార్, తరువాత మా ఫిట్టింగ్ సంగతి మాట్లాడుకుందాం" అన్నారు. ఒకాయన నవ్వారు. నేను ఏమీ అనలేక వచ్చేశాను. ఎన్నో కచేరీలలో పక్కవాయిద్యం వాయించినవాడిని పట్టుకుని చెవులు చూపించుకోమనడం ఎంత గుచ్చుకుంటుందో ఆ విద్య తెలిసినవారికే అర్థమవుతుంది. ఇంటికి వచ్చాక, నిజంగానే నా వినికిడి తగ్గిందేమోనని ఆ రాత్రి మృదంగం దించి శ్రుతి చేసుకుని చూశాను. తొప్పి ఎప్పటిలాగే పలికింది.

అప్పుడు కిందికి దిగి, చీకట్లో కారులో కూర్చుని పరీక్ష మొదలుపెట్టాను. ఫేడర్ పూర్తిగా వెనక్కి జరిపాను. బ్యాలెన్స్ ఎడమకు తిప్పితే తొప్పి ఉంది. కుడికి తిప్పితే అక్కడా ఉంది. మధ్యకు తెస్తే మాయం! పది పదిహేనుసార్లు తిప్పి చూశాను, ప్రతిసారీ అంతే. రెండూ విడివిడిగా బాగుండి, కలిస్తే పోవడమేమిటో నాకు అంతుపట్టలేదు.

మా వీధి చివర శ్రీరామనవమి పందిళ్లకు మైకుసెట్టు పెట్టే పెద్దాయన ఒకరున్నారు. పొద్దున్నే వెళ్లి ఇదంతా చెబితే, నా మాట పూర్తికాకముందే, "ఒకదానికి ప్లస్సు మైనస్సు తారుమారయ్యాయి బాబూ. ఒకటి గాలిని ముందుకు నెడుతుంటే రెండోది వెనక్కి లాగుతోంది. సన్నటి శబ్దాలకు అంతగా తెలియదు గాని, బేస్ ఒకదాన్నొకటి చంపేసుకుంటుంది" అన్నారు. పాత స్పీకర్లు తెమ్మన్నారు. డిక్కీలోంచి తీసి ఇచ్చాను. కుడిదానికి ఒక పెన్సిల్ సెల్ తాకించారు. సెల్ ప్లస్సు స్పీకరు ప్లస్సుకు తగలగానే టక్కుమని కోన్ బయటికి పొంగింది; తిప్పి పెడితే లోపలికి పోయింది. ఆ స్పీకరుకు కత్తిరించిన ప్లగ్గు ఇంకా తగిలించే ఉంది, రెండంగుళాల వైర్లతో సహా. ప్లస్సు గుర్తు దగ్గరకు వెళ్లినది తెల్ల గీత ఉన్న వైరు.

అక్కడే కారు ఆపి, లోపలి హ్యాండిల్ వెనకనున్న స్క్రూలు తీసి, డోర్ ప్యాడ్ కింది అంచు నుంచి లాగితే క్లిప్పులు ఒక్కొక్కటిగా వదిలాయి. టేపు విప్పి చూశాము. గీత ఉన్న వైరును ఆ కుర్రవాడు కొత్త స్పీకరు మైనస్సుకు మెలిపెట్టాడు. ఎడమ తలుపులో వైర్ల రంగులు వేరు, అక్కడ సరిగానే పడింది. రంగులు చూసి ఊహించాడన్నమాట. రెండు వైర్లు మార్చి కట్టడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. బ్యాలెన్స్ మధ్యలో పెట్టి అదే తనియావర్తనం పెట్టాను. మొదటి గుమ్కీకే వెనక సీటు మీద ఉంచిన స్క్రూల డబ్బా సన్నగా అదిరింది. పెద్దాయన డబ్బు తీసుకోలేదు, టీ మాత్రం తాగారు.

కొత్త స్పీకర్లు పెట్టాక బేస్ పలచబడితే, యాంప్లిఫయరు మాట ఎవరెత్తినా జేబులో చెయ్యి పెట్టకుండా ముందు ఈ బ్యాలెన్స్ పరీక్ష చేసుకోండి. పక్కకు తిప్పితే వచ్చి మధ్యలో పోయిందంటే వైర్లు తిరగబడ్డాయి, అంతే.

ఆ దుకాణానికి మొన్న మరోసారి వెళ్లాను. డబ్బు వెనక్కి అడగలేదు. పాత స్పీకరును బల్ల మీద పెట్టి, గీత ఉన్న వైరు ఎటుందో యజమానికి చూపించాను. ఆయన కాసేపు చూసి కుర్రవాడిని పిలిచి చూపించారు. క్షమాపణ అనలేదు గాని, రెండు తలుపులకూ కొత్త పాలిథీన్ షీటు అంటింపజేసి, నేను తీసుకువెళ్లిన కప్లర్లు రెండూ వైర్లకు సోల్డరింగ్ చేయించారు. ఆ గంటన్నరా నేను తలుపు పక్కనే నిలబడి, ప్రతి వైరూ ఎటు పోతోందో చూసుకుంటూ ఉన్నాను.